ఒక్క గీత లేదు

చోడవరంలో దేవకుమార్ ఇంటి షెడ్డులో 2003 మోడల్ పాలియో ఉంది. చిన్న కారు, పెద్ద ఇంజిను, ఇప్పుడు దొరకదు. అమ్ముతానని అతను ఫోన్ చేస్తే విశాఖ నుంచి వచ్చినాయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఒక్క గీత లేదు! ఎలా కాపాడేరు సార్?”

బానెట్ తుడుస్తున్న దేవకుమార్ భార్య కృపామణి చెప్పింది.

“సీజన్లో చెరకు ట్రాక్టర్లు గీసేస్తాయని ఈయన బయటికి తీసేవోరు కాదు బాబూ. మా పాపకి ఫిట్సొచ్చిన రోజు కూడా తియ్యలేదు. ఆటో కోసం పరిగెత్తేరు. అదొచ్చేసరికి పాప పోయింది.”

“అమ్మేద్దాం మణీ. పదహారేళ్ళయింది,” అన్నాడు దేవకుమార్.

“అమ్మం,” అంది ఆమె. “అప్పట్నుంచీ రోజూ తుడుస్తన్నది నేనే బాబూ. గీత పడనివ్వను. బతికున్నన్నాళ్ళూ ఈయన దీన్ని సూడాలి.”