మూడో పిల్ల

డేగలు గుడ్లు పెట్టగానే కొండకున్న ఇనుప కొక్కేలు రాతిలోకి ముడుచుకుపోతాయి. పిల్లలన్నీ ఎగిరిపోయాక మళ్లీ బయటికొస్తాయి. ఇప్పుడు సీమలో జనం తాళ్లతో ఎక్కే కొండలన్నిటికీ ఇదే పద్ధతి.

ముప్పై ఏళ్లుగా జనాన్ని కొండెక్కిస్తున్న సుంకమ్మ ఐదు నెలలుగా ఈ రోజు కోసమే కాచుకుంది. మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే ఆఖరుసారి ఎక్కడం. తెల్లారేసరికి కొక్కేలు బయటికొచ్చాయి. నడుముకు తాడు కట్టుకుంటూ తలెత్తి చూస్తే, గూటి అంచున ఇంకో పిల్ల కనిపించింది. కొండ లెక్కలో రెండే ఉన్నాయి, ఆ రెండూ ఎగిరిపోయాయి.

ఆమె కొండ మొదట్లో, కొండకు మాట చేరవేసే స్తంభం మీద చెయ్యి ఆనించి, "ఇంకొకటుంది" అని చెప్పింది. కొక్కేలు మెల్లగా లోపలికి పోయాయి.

"అది ఎగిరేదాకా నీ మోకాళ్లు ఆగుతాయా?" అన్నాడు భర్త మద్దిలేటి.

"ఆగకపోతే కిందినుంచే చూస్తాలే. ఉగ్గాని తియ్యి, ఆకలైతాంది."

ఇద్దరూ రోజూ వచ్చి నీడన కూర్చునేవాళ్లు. పిల్ల రెక్కలు కొట్టుకునేది, జంకి వెనక్కి పోయేది. తొమ్మిదో రోజు పొద్దున ఎగిరింది.

మద్దిలేటి కింద తాడు పట్టుకుని నిలబడగా, సుంకమ్మ నాలుగుచోట్ల ఆగి గూటిదాకా ఎక్కింది. లోపల చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.