అడ్డుపుల్ల అక్కయ్య

"కాలువ మీది కొత్త వంతెన రేపే తెరుద్దాం. అభ్యంతరాలున్నాయా?" అంటూ మేయర్ అలవాటుగా ఎడమవైపు చూశాడు.

అటు ఖాళీ. ఉన్న ఒక్క ప్రతిపక్ష సభ్యురాలినీ ఆయన నిన్ననే తన పార్టీలో చేర్చుకుని, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

సభ్యులంతా బల్లలు చరిచారు. వంతెన కట్టిన మేయర్ బావమరిది సందర్శకుల వరుసలోంచి నవ్వాడు.

వంతెనకు బరువు పరీక్ష జరగలేదని మేయర్‌కు తెలుసు. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు ఆవిడే లేచి గోల చేసేది. "ప్రతిపక్షం ఒప్పుకోవడం లేదురా" అని చెప్పి ఆయన బావమరిదిని ఆపేవాడు.

ఆవిడ వైపు వంగి గొంతు తగ్గించాడు. "అడ్డుపుల్ల అక్కయ్యా, ఏమీ అడగరా?"

"మనింటి పెళ్లికి మనమే వంకలు పెడతామా, తమ్ముడూ?"

"నిన్నటి మీరైతే ఏమడిగేవారు?"

"నీ మనవరాలిని రేపు ఆ వంతెన మీదుగానే బడికి పంపుతావా అని."

ఆయన ఇంకా దగ్గరికి జరిగాడు. "ఒక్కసారి మీ పాత కుర్చీలో కూర్చుని ఆ మాట గట్టిగా అనండి."

"ఆ కుర్చీ పొద్దున్నే తీయించేశావుగా!"