ఊ కొడితే చాలు

పరాయి గడ్డ మీద పుట్టిన పిల్లలు మన దేశంలోకి రావాలంటే, తల్లిభాష తెలుసునని సరిహద్దు గేటు దగ్గర రుజువు చూపించాలి. అక్కడ చెవిగింజలు తీసేయాలి. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వినేవాళ్ళ భాషలోకి మార్చి చెప్పే ఆ గింజ లేకుండా ఐదేళ్ళ ధాత్రి ఒక్క పూటైనా ఉండలేదు.

"బెంగెట్టుకోకమ్మా," అంది గేటులో కూర్చున్న ఉద్యోగిని. "పాపకి ఓ కత సెప్పు. ఊ కొడితే సాలు, పంపించేస్తాను."

తల్లి లోలాక్షికి ప్రాణం లేచొచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీ నుంచి ఎంత అలిసి వచ్చినా, కథ చెప్పకుండా ఆమె కూతురికి ఏనాడూ అన్నం పెట్టలేదు. ఒక్కో ఊకి ఒక్కో ముద్ద. గింజ పాప చెవిలో ఏ భాష పోస్తోందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు దాన్ని తీసి ఉద్యోగిని ముందున్న పళ్ళెంలో పెట్టింది.

"అనగనగా ఓ జీడితోటలో ఓ ఉడత ఉండీదమ్మా."

ధాత్రి ఆమె పెదాల వంక చూసింది.

"దానికో బుల్లి కూతురు. ఊ అనమ్మా."

పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగిని చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. లోలాక్షి కథ ఆపలేదు. "ఓ రోజు ఆ కూతురు తోటలో తప్పిపోనాది..."

పళ్ళెంలోని గింజ ఆ మాటల్నే, లోలాక్షికి తెలియని ఏదో భాషలో, సన్నగా చెబుతోంది. తల్లి చెయ్యి విడిపించుకుని ధాత్రి వెళ్ళి, పళ్ళేనికి చెవి ఆనించింది.

"ఊ," అంది.