వాగు తగ్గేదాకా

“వాగు ఇంక తగ్గలే సార్. ఇయ్యాల గూడ పోలేం,” అంటూ పోశాలు తడిసిన గొంగడి విదిలించి దండెం మీద ఆరేశాడు.

చంద్రమోహన్‌కు ఏడుపొక్కటే తక్కువ. పదకొండిళ్ల ఈ గూడేన్ని గుట్ట దింపి రోడ్డు పక్కకు మార్చాలని సర్కారుకు రిపోర్టు రాసుకుపోదామని ఒక్క పూట పనిమీద వచ్చాడు. రాయడం అయింది, సంతకమే మిగిలింది. అంతలో వాన. ముందు వాగు పొంగింది, వెనక అంతా అడవి. ఏ బండరాయెక్కి ఫోన్ పైకెత్తినా సిగ్నల్ లేదు. ఇది మూడో రోజు. ఒంటి మీద పోశాలు లుంగీ.

“వేరే బాట లేదా?”

“వాగుదాటుడే సార్.”

“అందుకే కిందికి రమ్మంటున్న. రోడ్డుంటది, నల్లా ఉంటది. వానొస్తే గిట్ల ఇరుక్కునుడు ఉండదు.”

పోశాలు వాదించలేదు. “మీ ఇష్టం సార్. ముందుగాల ఇంత తినుండ్రి,” అన్నాడు.

గుడిసెలో ఊపిరాడక చంద్రమోహన్ తుంపరలోనే బయటపడ్డాడు. పోశాలు తల్లి పోచమ్మ బిందెతో ఊట దగ్గరికి పోతుంటే వెంట నడిచాడు. బండ పగులులోంచి నీళ్లు సన్నగా దూకుతున్నాయి. మొదటి గుంట మనుషులకు. అది నిండి పొర్లితే పశువుల తొట్టికి. అక్కడినుంచి మెట్లుమెట్లుగా దిగిన వరి మడులకు. చుక్క వృథా పోవడం లేదు.

“అవ్వా, పక్కన మెత్తటి నేల ఉంటే ఇండ్లన్ని బండ మీద కట్టిండ్రేంది?”

“అది నీళ్లు తాగే నేల బిడ్డా. దాని మీద గోడ లేపితె ఏం తినాలె? బండ మీద గింజ మొలువది. మనిషైతె పండుకుంటడు.” బిందె ఎత్తుకుంటూ అడిగింది. “కింద మీరిచ్చే జాగల నీళ్లున్నయా?”

అక్కడ వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. ఆ సంగతి చంద్రమోహన్ రిపోర్టులో లేదు.

మధ్యాహ్నం ఆ కాగితం చింపి ఇంకోటి రాశాడు. గూడెం ఉన్నచోటే ఉండాలి, వాగు మీద వంతెన కట్టిస్తే చాలు. సంతకం పెట్టి పైకి చదివాడు. పోశాలు చేతులు కట్టుకుని విన్నాడు. బయటికి పోయి కాసేపటికి తిరిగొచ్చాడు.

“వాగు తగ్గినట్టున్నది సార్. పోదమా?”

మోకాలి లోతు నీళ్లలో చెయ్యి పట్టుకుని దాటించి, రోడ్డు చూపించి అతను వెనుదిరిగాడు.

రోడ్డు మీద పుష్ప చాయ్ హోటల్లో చంద్రమోహన్ కూలబడ్డాడు.

“మూడొద్దులు గుట్ట మీదనే ఇరుక్కున్నరా సార్?” అంది పుష్ప.

“నాదేముందమ్మా. పాపం ఆ పోశాలుకు, వాగు పొంగితే జైలే.”

పుష్ప గ్లాసు కడగడం ఆపి తలెత్తింది.

“పోశాలా? ఈ మూడొద్దులు గూడ రోజూ పొద్దుగాల ఈడికొచ్చి చాయ్ తాగిపోయిండు గద సార్!”