అధ్యక్షుడి ప్రయాణం

"వైట్‌హౌస్‌లో తెల్లారకముందే లేచేవాళ్ళం," అన్నాడు ప్రేమరాజు.

"ఎవరు సార్, మీరా?" అన్నాడు సుభాన్. కడప మనిషి. నవ్వు ఆపుకోవడం చేతకాదు.

"ఆయన. ఆయన లేచేవాడు," అన్నాడు ప్రేమరాజు చిరాగ్గా.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆ శుక్రవారం సాయంత్రం అతని హాల్లో ఉన్న శ్రోతలు ఇద్దరే. సుభాన్, సురేంద్ర. ఇద్దరూ పై అంతస్తుల వాళ్ళు. టీకి పిలిస్తే వచ్చారు. ఉపన్యాసం దొరికింది.

ప్రేమరాజు ఒక అమెరికా అధ్యక్షుడి జీవిత చరిత్ర రాశాడు. తెలుగులో, నాలుగు వందల పేజీలు. అందుకోసం ఆ అధ్యక్షుడి మీద ఇంగ్లీషులో వచ్చిన జీవిత చరిత్రలన్నీ తెప్పించాడు. పై అరలో ఆయన ప్రజాజీవితం, కింది అరలో సొంత జీవితం. కింది అర పుస్తకాలే బాగా నలిగాయి. మాట్లాడేది మాత్రం పై అర గురించి. మాట్లాడుతున్నంతసేపూ అతని వెన్ను నిటారుగా ఉంటుంది, గొంతు బరువెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ 'ఆయన' పోయి 'మేము' వస్తుంది. ఆ సంగతి అతనికి తెలియదు.

అతను ఇంటి నుంచే పనిచేస్తాడని బిల్డింగులో అందరూ అనుకుంటారు. ఏం పనో అడిగే చనువు ఎవరికీ లేదు.

వచ్చే శనివారం విజయవాడలో పుస్తకావిష్కరణ. మంత్రిగారు వస్తున్నారు. గురువారం దమ్మామ్ నుంచి విమానం. సిల్కు లాల్చీ ఇస్త్రీ అయి తలుపుకి వేలాడుతోంది. యాభై ఏళ్ళ జీవితంలో వేదిక మీద అతనికోసం ఒక కుర్చీ వేయడం ఇదే మొదటిసారి.

"ఓ డౌటండీ ప్రేమరాజు గారూ," అన్నాడు సురేంద్ర. అతనిది కాకినాడ. "ఎక్కడో చదివానండీ. ఆయన మంచాన పడ్డప్పుడు ఏ కాయితం లోపలికెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో వాళ్ళావిడే చూసేవారంటగదండీ?"

"వంటింటి కబుర్లు!" అన్నాడు ప్రేమరాజు. "జీవిత చరిత్రలు రాసేవాళ్ళు రెండు రకాలు. గుమ్మం ముందు నిలబడేవాళ్ళు, కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. ఆవిడకి మూడు పేజీలిచ్చాను. అందులో ఒక పేజీ ఫోటో."

దయావతి టీ ట్రే తెచ్చింది. ఒంటి మీద హాస్పిటల్ యూనిఫాం. కాసేపట్లో నైట్ డ్యూటీ.

"ఆ మిగతా రెండు పేజీల్లో ఆవిడేం చేస్తుందండీ?" అని అడిగింది భర్తని.

"వచ్చినవాళ్ళకి టీ ఇస్తుంది."

అందరూ నవ్వారు. దయావతి కూడా నవ్వి, చక్కెర లేని కప్పు వెతికి అతని ముందు పెట్టింది.

"మీరు వెళ్ళట్లేదా చెల్లెమ్మా, విజయవాడ?" అన్నాడు సురేంద్ర.

"నాకెక్కడ కుదురుద్ది అన్నయ్యా. వారమంతా నైట్లే. పాపకి మళ్ళీ ఆయాసం మొదలైంది, రాత్రి లేచి నెబ్యులైజర్ పెట్టాలి. పెద్దాడికి పరీక్షలు. ఈ వారం ఉండిపోండంటే ఈయన వినట్లేదు. పుస్తకం ఎక్కడికి పోద్ది, వచ్చే నెల పెట్టుకోవచ్చుగా."

ప్రేమరాజు కప్పు కింద పెట్టాడు. ఇద్దరు మగవాళ్ళ ముందు ఈ మాట రావడం అతనికి నచ్చలేదు.

"మంత్రిగారి డేటు మార్చమంటావా? చరిత్రలో ఏ నాయకుడైనా పాపకి ఆయాసమని ఆగిపోయాడా?"

"నాయకుల సంగతి నాకు తెలీదండీ. పాప సంగతి చెప్తున్నా."

"నువ్వే సెలవు పెట్టు. ఇంట్లో తోచక వెళ్ళే ఉద్యోగమేగా!"

సురేంద్ర కిటికీ వైపు చూశాడు. గదిలో గాలి బిగుసుకుంది. దాన్ని వదులు చేసే బాధ్యత సుభాన్ తీసుకున్నాడు.

"ఈ దేశం సంగతి తెల్దా అక్కా నీకు? పోయినేడు మా ఇంటామె వాళ్ళ తమ్ముని పెండ్లికి పోవాలని ఒకటే గోల. నా ఇకామా కార్డు మీద ఈ దేశంలో ఉండే మనిషి, నేను ఫోన్లో నొక్కితే గదా దేశం దాటేకి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేది! అది లేకుంటే ఎయిర్‌పోర్టులోంచే వెనక్కి తోల్తారు. బాగా సతాయించి, కాళ్ళు పట్టించుకుని అప్పుడు నొక్కినా. అమెరికా దాకా ఎందుకు సార్, ఈడ ప్రతి మొగుడూ ప్రెసిడెంటే!"

సురేంద్ర పగలబడి నవ్వాడు. ప్రేమరాజు నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్ళిపోయింది.

"అదీ మాట!" అన్నాడు తర్వాత, అవసరానికి మించిన గొంతుతో. "గురువారం నేను వెళ్తున్నాను. ఈ ఇంట్లో ఓటింగులు లేవు."

"చూద్దాంలెండి," అంది దయావతి, ఖాళీ కప్పులు ఏరుకుంటూ.

మెట్లెక్కుతూ సురేంద్ర నిట్టూర్చాడు. "నోట్లో నాలుక లేని మనిషండీ పాపం, ఆ చెల్లెమ్మ."

"ఈయప్పకు పెండ్లాం కాదు సార్, ప్రజలు కావాల," అన్నాడు సుభాన్.

కింద తలుపు మూసుకోగానే ప్రేమరాజు వెన్ను మామూలు స్థితికి వచ్చింది. కప్పులన్నీ తనే కడిగాడు. లోపలి గదిలో పాప దగ్గుతోంది. దయావతి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటోంది. వీధిలో హాస్పిటల్ బస్సు హారన్ మోగింది.

"వాళ్ళ ముందు ఏదో అన్నాను," అన్నాడు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ. "మనసులో పెట్టుకోకు."

ఆమె రెండో బూటు లేసు బిగించింది.

"గురువారం దగ్గరికొచ్చేసింది, దయా."

దయావతి ఫోన్ తెరిచి, తన ఇకామా మీద ఈ దేశంలో ఉంటున్న ముగ్గురిలో పిల్లలిద్దర్నీ దాటి, భర్త పేరు దగ్గర కాసేపు ఆగి, ఎగ్జిట్ రీఎంట్రీ నొక్కకుండానే ఫోన్ బ్యాగులో వేసుకుని మెట్లు దిగింది.