నేల కింద చప్పుడు

మ్యూజియం నేల కింద దుమ్ములో మనిషి వెల్లకిలా పడుకున్న అచ్చు కనిపించింది.

ద్వారకానాథ్ టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. అచ్చు తాజాగా ఉంది. తల, భుజాలు, మడమలు.

క్వీన్స్‌లాండ్ చెరకు తోటల మధ్య వార్డెల్ దొర కట్టించిన నూరేళ్లనాటి బంగళా అది. నడుమెత్తు కొయ్య గుంజల మీద నిలబడ్డ చెక్క ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పిన ద్వారకానాథ్ దానికి మేనేజరు.

అందులో దెయ్యముందని ఊరంతా చెప్పుకుంటుంది. భోజనాల గదిలో నిలబడితే కాళ్ల కింద టక్, టక్, టక్.

“చెరకు తోటలో చచ్చిపోయిన కూలీ అంట సార్,” అంది టికెట్లమ్మే కరోలిన్. గుంటూరు పిల్ల, నోటికి అడ్డూ ఆపూ లేదు. “ప్రతి శనివారం పొద్దున కరెక్ట్‌గా పదింటికి డ్యూటీ ఎక్కుతోంది. మనకంటే నయం.”

“నీ జోకులాపు! నిన్న రెండో స్కూలు టూర్ క్యాన్సిల్ చేసింది. మూడోదీ మానేస్తే మ్యూజియం నడిపే ట్రస్టు వాళ్లు తాళం వేస్తారు. యాభై రెండేళ్ల వయసులో నాకెవడిస్తాడమ్మా ఉద్యోగం?”

“దెయ్యాన్నే అడగండి సార్. రెఫరెన్స్ ఇస్తుందేమో.”

మరుసటి శనివారం ద్వారకానాథ్ కాపు కాశాడు. పదింటికి చప్పుడు మొదలైంది. చొక్కా మాసినా సరేనని నేల కిందికి పాకి, దొరికిన కాలు పట్టుకుని లాగాడు.

వెచ్చటి కాలే.

బయటికొచ్చింది నారాయుడు. ఫీజీలో సైన్యం గద్దెనెక్కాక మనవరాలితో ఇక్కడికొచ్చిన ముసలాయన. ప్రతి శనివారం టికెట్ కొంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. మూడేళ్ల కిందట ఒకసారి పనడిగాడు. ఫీజీ కాగితాలు ఇక్కడ చెల్లవని, ఏం పనో కూడా వినకుండా ద్వారకానాథ్ పంపించేశాడు.

“ఏం చేస్తున్నావయ్యా అక్కడ?”

“ఇల్లు సూస్తన్నాను బాబూ.”

“ఇల్లు పైనుంచి చూస్తారు! కిందనుంచి చూసేది పందికొక్కులు!”

ముసలాయన చంకలో గుడ్డసంచి ఉంది. ద్వారకానాథ్ లాక్కుని బోర్లించాడు. ఉలి, కొయ్యసుత్తి, చిన్న రంపం పడ్డాయి.

“దొంగ సామాను! దొరగారి వెండి గిన్నెల కోసం నేలకు కన్నం వేస్తున్నావా?”

“నాను దొంగోణ్ణి కాదు బాబూ. తూరుపేపు ఇంకా...”

“ఇంకా ఎక్కడెక్కడ తవ్వాలో నాకే చెప్తావా? కరోలిన్, పోలీసులకు ఫోన్ చెయ్!”

పోలీసు వచ్చాడు. వస్తువేదీ పోలేదు కాబట్టి కేసు లేదన్నాడు. మళ్లీ ఈ గేటు దాటొద్దని గట్టిగా హెచ్చరించి పంపించాడు. గుడ్డసంచి మాత్రం ద్వారకానాథ్ బీరువాలోకి చేరింది.

చప్పుడు ఆగిపోయింది.

స్కూళ్లు తిరిగొచ్చాయి. ట్రస్టు అభినందిస్తూ ఉత్తరం రాసింది.

“పాపం సార్, ముసలాయన,” అంది కరోలిన్ ఒకరోజు.

“నీకు అంత జాలిగా ఉంటే మీ ఇంటి కింద పడుకోబెట్టుకో.”

మార్చిలో ఒక అమ్మాయి వచ్చింది. “అంకుల్, నేను ఆష్నా. నారాయుడు తాత మనవరాల్ని. తాత పోయిన మంత్ పోయారు. ఆయన బ్యాగ్ మీ దగ్గరుందంట.”

ద్వారకానాథ్ బీరువా తెరిచాడు. విసుగ్గానే సంచి తెచ్చిచ్చాడు. “సంతకం పెట్టమ్మా,” అన్నాడు.

మేలో తూర్పు వసారా కూలింది.

ముప్పైమంది పిల్లలు అప్పుడే మెట్లు దిగారు. వాళ్ల టీచరు ఒక్కతే ఇంకా పైనుంది. కాలు రెండుచోట్ల విరిగింది.

కౌన్సిల్ నుంచి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ మార్క్ వచ్చి నేల కిందికి దూరాడు. గంటసేపు అక్కడే ఉన్నాడు. బయటికొచ్చి దుమ్ము దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

“మీ వడ్రంగి ఎవరు?” అన్నాడు.

“మాకు వడ్రంగి లేడు.”

“ఉన్నాడు. ఈ గుంజలన్నీ చెదలు తినేసినవే. పడమటి నుంచి ఒక్కొక్కటీ తట్టి చూసి, డొల్లైన భాగం కోసేసి, కొత్త కొయ్య అతికాడు ఎవరో. అతుకు వేలికి తగలట్లేదు. ఇరవై నాలుగు గుంజలు! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మంచి పని చూడలేదు. తూర్పున పదహారు మిగిలిపోయాయి. కూలింది అవే. ఎందుకు మానేశాడు?”

ద్వారకానాథ్ తల తిప్పి బీరువా ఉన్న గదివైపు చూశాడు.

“ప్రతి అతుకు పక్కనా పెన్సిల్‌తో తేదీ వేశాడు,” అన్నాడు మార్క్. “క్యాలెండర్ చూడండి. అన్నీ శనివారాలేనేమో?”

చూడనక్కర్లేదు. కరోలిన్ ఎప్పుడో టికెట్ల కిటికీ మూసేసి వచ్చి నిలబడింది. ఈసారి జోకు వెయ్యలేదు.

“ఆ మనిషిని పిలిపించండి,” అన్నాడు మార్క్. “మిగతావి అతనే చెయ్యాలి.”

“రాడు సార్. పోయాడు.” ద్వారకానాథ్ కూలిన చెక్కల మీద కూర్చుండిపోయాడు. “తప్పు నాది. మూడేళ్లు టికెట్ కొనుక్కుని మరీ ఈ ఇంటిని నిలబెట్టిన మనిషిని, దొంగ అని పోలీసులకు పట్టించింది నేనే.”