లేబుల్ మీద ఏం రాసుంది

"ఇది కాగితమా, అచ్చేసిన సరుకా? అది తేలకుండా ఏ పద్దు కింద సుంకం వెయ్యమంటారు?" అన్నాడు కస్టమ్స్ అధికారి, లేబుళ్ల చుట్టని భూతద్దం కింద తిప్పుతూ.

నేను రావడం ఇది మూడోసారి. మా ఫ్యాక్టరీకి పురుగుమందు డ్రమ్ములు నెల కిందటే ఓడ దిగాయి. వాటిని ఒక్క పూటలో వదిలేశారు. వాటికి అంటించాలని అదే ఓడలో వచ్చిన, మన భాషలో రాసిన లేబుళ్లని మాత్రం పట్టుకుని కూర్చున్నారు. విషానికి లేని అడ్డు హెచ్చరికకు దేనికి? యూనియన్ తరఫున అదే అడిగాను.

"ఉపన్యాసాలు బయట ఇచ్చుకోండి. వెనకాల జిగురుందా? ఏ దేశంలో అచ్చయిందో ప్రతి లేబుల్ మీదా ఉందా?"

"అన్నీ చూశారు. ఏం రాసుందో చదివారా సార్?"

"అది నా పని కాదు."

"అయినా చదవండి. మీ సొమ్మేం పోదు."

విసుగ్గానే పైకి చదివాడు. "ఇది విషం. ఖాళీ అయ్యాక కూడా ఈ డ్రమ్ములో తాగే నీళ్లు పట్టకండి. ఎంత కడిగినా విషం పోదు."

భూతద్దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "నీలం డ్రమ్ములా? పాత సామాన్ల కొట్లో అమ్ముతున్నారు, అవేనా?"

"అవే. ఖాళీ అయినవి మా యాజమాన్యం అక్కడికే తోలుతోంది."

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "ఇదిగో, ఆ కొత్త డ్రమ్ములో నీళ్లు పారబొయ్యి. పిల్లల్ని ముట్టుకోనివ్వకు."

చుట్టలోంచి ఒక్క లేబుల్ చింపి జేబులో పెట్టుకున్నాడు. మరి తక్కినవి, అన్నాను.

"రూలు రూలే కదండీ. సోమవారం రండి."